రిటైర్మెంట్ తేదీ ముందే తెలుసు: వర్సిటీల్లో రెండో వరస ఏది?

సర్కారు కొలువులో చేరిన రోజే సర్వీసు రిజిస్టర్‌లో పుట్టిన తేదీ రాస్తారు. ఆ తేదీకి విరమణ వయసు కలిపితే, ఆ మనిషి ఏ నెల ఆఖరి రోజున ఇంటికి వెళ్తాడో ముప్ఫై ఏళ్ల ముందే తేలిపోతుంది. పాలనలో ఇంత కచ్చితంగా ముందే తెలిసే విషయం మరొకటి కనబడదు. అయినా వర్సిటీలో ఒక విభాగాధిపతో, పరీక్షల విభాగం సూపరింటెండెంటో, ల్యాబ్ టెక్నీషియనో రిటైరైన మర్నాటి నుంచి జరిగేది చూస్తే, అదేదో చెప్పాపెట్టకుండా వచ్చిపడ్డ ఆపద అనిపిస్తుంది. పక్క సెక్షన్ అధికారికి ఎఫ్‌ఏసీ, అంటే పూర్తి అదనపు బాధ్యత, ఇస్తారు. శాలువా కప్పి సాగనంపిన పెద్దమనిషికే రెండు రోజులకోసారి ఫోన్ చేసి "సార్, ఆ ఫైలు ఎక్కడ పెట్టారు?" అని అడుగుతారు. ఇంకా అవసరమైతే ఆయన్నే గౌరవ వేతనం మీద వెనక్కి పిలుస్తారు.

విధానం లేక కాదు. 2020 జాతీయ విద్యా విధానం ఈ మాట సూటిగానే చెప్పింది. నాయకత్వ లక్షణాలున్న అధ్యాపకులను ముందుగానే గుర్తించి, మెట్టుమెట్టుగా బాధ్యతలు అప్పగిస్తూ తయారు చేయాలంది. నాయకత్వ పదవులు ఖాళీగా ఉండకూడదనీ, దిగిపోయేవారూ వచ్చేవారూ కొంతకాలం కలిసి పనిచేయడం మామూలు పద్ధతి కావాలనీ రాసింది. ఆ విధానం వచ్చిన తర్వాత తెలుగు రాష్ట్రాల్లో జరిగింది మాత్రం దాదాపు దానికి ఎదురు.

తెలంగాణలో చాలా వర్సిటీల వైస్ చాన్సలర్ల (వీసీల) పదవీకాలం 2019 మధ్యలో ముగిసింది. కొత్తవారు వచ్చింది 2021 మేలో. ఆ రెండేళ్లూ సచివాలయంలో వేరే శాఖలు చూసే ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జులు. అలా వచ్చినవారి మూడేళ్లు 2024 మే 21న నిండాయి. ఆ తేదీ 2021లోనే అందరికీ తెలుసు. అయినా మళ్లీ ఇన్‌చార్జి పాలనే వచ్చింది, తొమ్మిది వర్సిటీలకు వీసీల నియామకం అక్టోబరు దాకా సాగింది. ఆంధ్రప్రదేశ్‌లో కథ వేరు, ఫలితం అదే. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక వీసీలు వరసగా రాజీనామాలు చేశారు. తొమ్మిది వర్సిటీలకు పూర్తికాలపు వీసీలు వచ్చేసరికి 2025 ఫిబ్రవరి అయింది.

ఇన్‌చార్జి వీసీ రోజువారీ ఫైళ్లు నడపగలడు. అయిదేళ్ల తర్వాత ఫలితమిచ్చే నిర్ణయం తీసుకోడు, తీసుకోమని ఎవరూ అడగరు కూడా. పదోన్నతుల ఇంటర్వ్యూలు, కొత్త కోర్సులు, సిబ్బందికి శిక్షణ లాంటివి "రెగ్యులర్ వీసీ వచ్చాక చూద్దాం" అన్న కట్టలోకి వెళ్తాయి. రెండో వరసను, అంటే వెళ్లేవారి చోటు తీసుకోగలవారిని, తయారు చేసే పని ఆ కట్టలో మొదటిది.

అయితే ఈ చర్చ ఎప్పుడూ వీసీ కుర్చీ దగ్గరే ఆగిపోతుంది. పత్రికలూ అక్కడే ఆగుతాయి. అసలు నష్టం దానికి రెండంతస్తుల కింద జరుగుతోంది.

మన రాష్ట్ర వర్సిటీల్లో రిజిస్ట్రార్ అంటే సాధారణంగా అదే వర్సిటీ ప్రొఫెసర్. రెక్టార్, పరీక్షల నియంత్రణాధికారి, డీన్లు, కాలేజీ ప్రిన్సిపాళ్లు కూడా అంతే. వీసీ మారితే వీళ్లూ మారడం ఆనవాయితీ. కొత్త వీసీ బాధ్యతలు తీసుకున్న కొద్ది వారాల్లోనే పాలనా భవనంలో పేరు పలకలన్నీ మారతాయి. కేంద్రీయ వర్సిటీల్లో రిజిస్ట్రార్, ఫైనాన్స్ ఆఫీసర్, పరీక్షల నియంత్రణాధికారి పదవులకు ప్రకటన ఇచ్చి, నిర్ణీత కాలానికి ఎంపిక చేస్తారు. అక్కడ వీసీ మారినా పాత సంగతులు తెలిసినవాళ్లు ముగ్గురైనా మిగులుతారు. ఇక్కడ తలుపులు తెరిచేవాడూ తాళాలు దాచినవాడూ ఒకే రోజు వెళ్లిపోతారు. నమ్మకస్తులు కావాలని వీసీ కోరుకోవడంలో తప్పులేదు. కానీ అందరినీ ఒకేసారి మార్చే పద్ధతిలో వర్సిటీకి జ్ఞాపకశక్తి మిగలదు. అప్పుడు ఆ జ్ఞాపకం ఎక్కడ ఉంటుందంటే, సెక్షన్లలో ఏళ్ల తరబడి కూర్చున్న సూపరింటెండెంట్లు, అసిస్టెంట్ రిజిస్ట్రార్ల దగ్గర. ఇప్పుడు ఆ వరసే పలచబడుతోంది.

పరీక్షల విభాగాన్నే దగ్గరగా చూద్దాం. 1990ల్లో రాజమండ్రిలోనో అమలాపురంలోనో బీఎస్సీ చదివి ఇప్పుడు డాలస్‌లో ఉన్న ఒకాయనకు, అక్కడి సంస్థకు పంపడానికి ట్రాన్‌స్క్రిప్టు కావాలనుకుందాం. ఆయన చదివిన కాలేజీ ఇప్పుడు 2006లో ఏర్పడ్డ ఆదికవి నన్నయ వర్సిటీ పరిధిలో ఉంది, ఆయన పట్టా ఇచ్చింది మాత్రం ఆంధ్రా వర్సిటీ. ఆనాటి మార్కులు కంప్యూటర్‌లో లేవు, బైండు చేసిన టాబ్యులేషన్ రిజిస్టర్లలో ఉంటాయి. ఆయన ఒక పేపరు తప్పి తర్వాత సప్లిమెంటరీలో గట్టెక్కితే, రెండు రిజిస్టర్లు తీయాలి. మధ్యలో సిలబస్ మారితే ఏ పేపరుకు ఏది సమానంగా లెక్కగట్టారో, మోడరేషన్ పేరిట అదనంగా ఇచ్చిన మార్కులు ఏ తీర్మానం మీద కలిపారో తెలియాలి. ఆ తీర్మానం కాపీ ఏ బీరువాలో ఉందో తెలియాలి. ఇవేవీ నిబంధనల పుస్తకంలో ఉండవు. ఇరవై ఏళ్లు ఆ గదిలో దుమ్ము పీల్చిన సీనియర్ అసిస్టెంటుకు తెలుస్తాయి.

ఆ మనిషి రిటైరయ్యాడు. ఆ కింది జూనియర్ అసిస్టెంట్ పోస్టు ఏళ్లుగా ఖాళీ. పని చేస్తున్నది అవుట్‌సోర్సింగ్ కుర్రాడో, రెగ్యులర్ కాని టైమ్‌స్కేల్ ఉద్యోగో. ఏళ్ల అనుభవం ఉన్నా నోట్‌ఫైలు మీద అతని సంతకం చెల్లదు. సంతకం పెట్టే అధికారి రెండు నెలల కిందట వేరే సెక్షన్ నుంచి వచ్చాడు. పని తెలిసినవాడికి సంతకం లేదు, సంతకం ఉన్నవాడికి పని తెలియదు. వర్సిటీల్లో వారసత్వ ప్రణాళిక, అంటే వెళ్లేవారి పనికి ముందే మనిషిని సిద్ధం చేయడం, లేకపోవడమంటే విద్యార్థికి అందే రూపంలో ఇదే. డాలస్ ఆయన వాళ్ల బావమరిదిని వైజాగ్ పంపి నాలుగు రోజులు కౌంటర్ల చుట్టూ తిప్పించడమే దీని ధర.

ఇక బోధన వైపు లెక్క ఇంకా కఠినం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీతో చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ కెరీర్ అడ్వాన్స్‌మెంట్ పథకంలో ఒక్క ఏడాదీ ఆలస్యం లేకుండా ఎదిగితే, నాలుగు, అయిదు, మూడేళ్ల మెట్లలో మొత్తం పన్నెండేళ్లకు అసోసియేట్ ప్రొఫెసర్ అవుతారు. ఇంకో మూడేళ్లకు ప్రొఫెసర్. వీసీ పదవికి అర్హత రావాలంటే మామూలుగా ప్రొఫెసర్‌గా పదేళ్లు ఉండాలి. కలిపితే పాతికేళ్లు. నేరుగా ప్రొఫెసర్‌గా ఎంపికైతే కొంత తగ్గొచ్చు, పదోన్నతులు ఆగితే ఎంతో పెరగొచ్చు. మన దగ్గర రెండోదే ఎక్కువ.

ఈ లెక్కను తిరగేసి చూడాలి. 2050లో ఉస్మానియాకో శ్రీవేంకటేశ్వరకో వీసీ కావాల్సినవారు ఈపాటికి ఎక్కడో ఒక చోట రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి ఉండాలి. తెలంగాణ రాష్ట్రం వచ్చాక వర్సిటీల్లో రెగ్యులర్ అధ్యాపక నియామకాలు పెద్దఎత్తున జరగనేలేదు. 2022లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లును అసెంబ్లీ ఆమోదించింది, అది గవర్నర్ దగ్గర ఆగి తర్వాత రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ 2023లో 3,220 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ప్రొఫెసర్లు 418, అసోసియేట్లు 801, అసిస్టెంట్లు 2,001. అది కోర్టు కేసుల్లో చిక్కుకుని ముందుకు సాగలేదు. నారు పోయకుండా నాట్లకు కూలీలను మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో, వీసీ సెర్చ్ కమిటీల పని ఇక ముందు అలా ఉంటుంది.

ఒకవేళ ఆ 3,220 పోస్టులు ఒక్క దెబ్బతో నిండినా అది సగం పరిష్కారమే. ఒకే ఏడాది చేరినవారు దాదాపు ఒకే కాలంలో పదోన్నతికి వస్తారు, దాదాపు ఒకే కాలంలో రిటైరవుతారు. ఒక విభాగంలో ఎనిమిది మంది ఒకే ఈడువాళ్లయితే వాళ్ల మధ్య పోటీ ఉంటుంది కానీ నేర్పేవాడూ నేర్చుకునేవాడూ ఉండరు. పదేళ్లకోసారి జాతరలా నోటిఫికేషన్ వేయడం కంటే, ఏటా విభాగానికి ఒకరిద్దరిని తీసుకోవడమే వర్సిటీకి మేలు. రాజకీయానికి జాతరే ఇష్టం, అంకె పెద్దగా కనిపిస్తుంది కాబట్టి.

ఖాళీలను కాంట్రాక్టు అధ్యాపకులు నింపుతున్నారు. వీళ్లలో చాలామంది రెండు దశాబ్దాలుగా అదే పాఠం అదే గదిలో చెబుతున్నారు, మంచిగానే చెబుతున్నారు. కానీ విభాగాధిపతి పదవి, పాఠ్యప్రణాళిక మండలి అధ్యక్షత వారి దాకా రావు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు పర్యవేక్షణను శాశ్వత అధ్యాపకులకే పరిమితం చేశాయి. అంటే నాయకత్వానికి దారితీసే అనుభవం ఏ పనుల్లో దొరుకుతుందో సరిగ్గా ఆ పనులకే వీళ్లు దూరం. ఇద్దరు ప్రొఫెసర్లు మిగిలిన విభాగంలో అధిపతి పదవి వాళ్లిద్దరి మధ్యే తిరుగుతుంది. ఒక్కరే మిగిలితే అదీ ఉండదు. పక్క విభాగం వారు వచ్చి సంతకాలు చేస్తారు.

విరమణ వయసు పెంచడం ప్రభుత్వాలకు చేతికందే మందు. తెలంగాణ 2025 జనవరిలో వర్సిటీ అధ్యాపకులకు దాన్ని 60 నుంచి 65కు పెంచింది. తప్పుడు నిర్ణయమేమీ కాదు, కేంద్రీయ వర్సిటీల్లో ఎప్పటి నుంచో అంతే. పైగా పైన చెప్పిన పాతికేళ్ల లెక్క చూస్తే, ముప్ఫై అయిదో ఏట చేరినవారికి వీసీ అర్హత వచ్చేనాటికి అరవై నిండేవి. అయితే ఈ అయిదేళ్లతో కొన్నది సమయం మాత్రమే. ఆ సమయంలో కింద కొత్తవారు చేరి పెద్దల పక్కన పని నేర్చుకుంటే అది ప్రణాళిక. ఎవరూ చేరకపోతే అదే ఖాళీ 2030లో మళ్లీ ఎదురవుతుంది, ఈసారి ఒకేసారి.

శిక్షణ సంగతి చెప్పుకోవాలి. 1986 విద్యా విధానం తర్వాత 1987 నుంచి అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. పేరు మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలుగా మారింది, 2023 నుంచి మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. పేర్లు మారినా అక్కడికి వెళ్లే ప్రధాన కారణం మారలేదు. పదోన్నతి దరఖాస్తుకు రిఫ్రెషర్ కోర్సు సర్టిఫికెట్ జతచేయాలి. పాఠం చెప్పడానికి, పరిశోధనకు ఆ కోర్సులు పనికిరావని కాదు. కానీ విభాగాన్ని, కాలేజీని, వర్సిటీని నడపడం వేరే విద్య. 2018లో కేంద్రం రెండో శ్రేణి విద్యా నాయకుల కోసం లీప్ అనే మూడు వారాల కార్యక్రమం మొదలుపెట్టింది. ఆలోచన మంచిది, అయితే మూడు వారాల్లో నేర్పగలిగేది కొంతే. నియామకాల్లో రిజర్వేషన్ వరస చెప్పే రోస్టర్‌లో పాయింట్ తప్పితే కోర్టులో కౌంటర్ ఎలా వేయాలి, గ్రాంటు రాని నెలలో జీతాలు, పెన్షన్లలో దేన్ని ముందు సర్దాలి, మెస్‌లో అన్నం బాగోలేదని రాత్రి పదకొండింటికి హాస్టల్ పిల్లలు గేటు ముందు కూర్చుంటే ముందు ఎవరితో మాట్లాడాలి? ఇవి తరగతి గదిలో వచ్చేవి కావు.

వీటిని నేర్పే మెట్లు క్యాంపస్‌లో ఇప్పటికే ఉన్నాయి. ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్, వార్డెన్, అదనపు కంట్రోలర్, వైస్ ప్రిన్సిపాల్, డిప్యూటీ డీన్. సమస్యల్లా వాటిని పంచిపెట్టే తాయిలాలుగా చూడటం. ఎవరికి ఏది ఇచ్చారన్న గుసగుస నడుస్తుంది గానీ, వార్డెన్‌గా మూడేళ్లు నెగ్గుకొచ్చిన అధ్యాపకురాలిని తర్వాత ఏ బాధ్యతకు సిద్ధం చేస్తున్నామన్న ప్రశ్న పాలకమండలిలో రాదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో ఈ వరస కొంత స్పష్టంగా కనిపిస్తుంది. 2014లో డైరెక్టరైన అనురాగ్ కుమార్, 2020లో డైరెక్టరైన జి. రంగరాజన్ ఇద్దరూ అంతకు ముందు అదే సంస్థలో డివిజన్ అధ్యక్షులుగా చేశారు. పెద్ద కుర్చీ ఎక్కేనాటికి బడ్జెట్, నియామకాలు, సహోద్యోగుల అలకలు అన్నీ వాళ్లకు చిన్న కొలతలో అనుభవమే. అమెరికాలో అక్కడి విద్యా మండలి (ఏసీఈ) ఫెలోషిప్ 1965 నుంచి ఇంకో దారిలో నడుస్తోంది. ఎదుగుతున్న ఆచార్యులను, అధికారులను వేరే విశ్వవిద్యాలయ అధ్యక్షుడి పక్కన ఉంచి, ఆయన పని ఎలా చేస్తాడో దగ్గరుండి చూడనిస్తారు. వరంగల్ అసోసియేట్ ప్రొఫెసర్ ఒక సెమిస్టర్ అనంతపురం రిజిస్ట్రార్ దగ్గర కూర్చోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇలాంటిది మన నేలకు కొత్త కూడా కాదు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్రా వర్సిటీ వీసీగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ వర్సిటీ ఉన్న విశాఖ వాల్తేరుకు పిలిపించినవారి వయసులు చూడండి. సి.వి. రామన్ శిష్యుడు సూరి భగవంతం 1932లో ఫిజిక్స్‌లో చేరేనాటికి ఇరవై మూడేళ్లు అటూఇటూ. ఆయనే తర్వాత 1950ల్లో ఉస్మానియా వీసీ, ఆపైన ఐఐఎస్‌సీ డైరెక్టర్. కెమిస్ట్రీకి టి.ఆర్. శేషాద్రి వచ్చారు. 1949లో ఆయన ఢిల్లీ వెళ్లిపోతే వాల్తేరులో ఆ పని ఆగిపోవాలి. ఆగలేదు. మొక్కల రసాయనాల మీద ఆ పరిశోధనను ఆయన శిష్యుడు ఎల్. రామచంద్రరావు అక్కడే దశాబ్దాలు కొనసాగించారు. పెద్ద ప్రొఫెసర్ వెళ్లిపోయినా విభాగం నిలబడటమే వారసత్వ ప్రణాళికకు అసలు పరీక్ష. శేషాద్రి ఏ ప్రణాళికా పత్రం రాసుకోలేదు, కానీ వెళ్లేనాటికి పని చేయగలవాడు తయారై ఉన్నాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. ముందుగా గుర్తించడమంటే మనవాణ్ని ముందుగా కూర్చోబెట్టడమే కదా అని. మన వర్సిటీల్లో కులం, ప్రాంతం, గైడు ఎవరన్న లెక్కలు తెలిసినవారెవరూ ఈ మాటను కొట్టిపారేయలేరు. శిష్యుడే లెక్చరరై, ఆ శిష్యుడి శిష్యుడే మళ్లీ చేరే విభాగాలు ఎలా పాచిపట్టాయో కూడా చూస్తున్నాం. జర్మనీలో సొంత వర్సిటీలోని వారిని అక్కడే ప్రొఫెసర్‌గా తీసుకోవడాన్ని చాలాకాలంగా నిరుత్సాహపరుస్తూ వచ్చింది ఈ భయంతోనే. కాబట్టి ప్రభుత్వ వర్సిటీలో ఫలానా కుర్చీకి ఫలానా మనిషి అని రాసుకునే ప్రణాళిక కుదరదు, చట్టం ముందు నిలవదు కూడా. పదవికి ప్రకటన ఉంటుంది, రోస్టర్ ఉంటుంది, బయటివారికీ హక్కుంటుంది. చేయగలిగింది ఒకటే. ప్రతి కీలక పనికీ పోటీపడగలవారు లోపల ఇద్దరు ముగ్గురుండేలా చూడటం. ఆ అవకాశాన్ని కూడా బహిరంగంగా పిలిచి ఇవ్వాలి, అందులో మహిళలు, దళిత, బీసీ అధ్యాపకులు ఉన్నారా లేదా అని లెక్క చూడాలి. నిజం చెప్పాలంటే ఏ ప్రణాళికా లేని ఇప్పటి పద్ధతే పైరవీకి ఎక్కువ అనుకూలం. ఆఖరి నిమిషంలో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టాల్సి వచ్చినప్పుడు ఫోను కొట్టగలిగినవాడే గెలుస్తాడు.

లోపల వరస లేకపోతే తలుపు బయటికి తెరవాలన్న వాదన బలపడుతుంది. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా పరిశ్రమ, ప్రభుత్వ పాలన రంగాల్లో పదేళ్ల అనుభవం ఉన్న సీనియర్లను కూడా వీసీ పదవికి పరిశీలించవచ్చంది. అధ్యాపక సంఘాలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. వ్యతిరేకించడం సులువు. అర్హులు లోపలే ఉన్నారని చూపించడం కష్టం, దానికి ముందు పాతికేళ్ల నియామకాలు జరిగి ఉండాలి.

కొత్తవారూ పాతవారూ కలిసి పనిచేయడానికి అడ్డొచ్చేది తరచూ చాలా చిన్న సంగతి. మంజూరైన పోస్టు ఒకటి, దాని మీద ఇద్దరికి జీతం ఇవ్వకూడదు. పాతవాడు దిగితేగానీ కొత్తవాడు ఎక్కలేడు. అందుకే ఛార్జి అప్పగింత అంటే తాళాలు, రిజిస్టర్ల జాబితా, రెండు సంతకాలు, ఒక పూట. దీనికి దారి లేకపోలేదు. రెండు మూడు నెలలకు ప్రత్యేక విధుల అధికారి (ఓఎస్డీ)గానో, మంజూరైనవాటికి అదనంగా సృష్టించే సూపర్‌న్యూమరరీ పోస్టులోనో కొత్తవారిని పెట్టొచ్చు. రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో పదోన్నతుల కోసం ప్యానెల్ ఇయర్ అనే ఏడాది లెక్క పెట్టుకుని, రాబోయే రిటైర్మెంట్లతో సహా ఖాళీలను ముందే లెక్కగట్టి పదోన్నతి జాబితాలు తయారు చేసే పద్ధతి ఉండనే ఉంది. అంకెల్లో ముందుచూపు ఉంది, పని నేర్పడంలో లేదు.

ఉన్నత విద్యలో విరమణను ముందే లెక్కలోకి తీసుకునే నిబంధన ఒకటి ఇప్పటికే అమల్లో ఉంది. 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం, రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు సర్వీసు మిగిలిన అధ్యాపకులు కొత్త పరిశోధక విద్యార్థులను తీసుకోకూడదు. విద్యార్థి నడిమధ్యలో అనాథ కాకూడదన్నది ఆలోచన. అదే మూడేళ్ల గీతను కుర్చీలకూ గీయొచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పాలకమండలి తీర్మానం చాలు. రాబోయే మూడేళ్లలో ఎవరెవరు వెళ్తున్నారో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ దగ్గర సమాచారం ఉంటుంది. అందులో ఒక్క మనిషికే తెలిసిన పనులు ఏవో గుర్తిస్తే జాబితా పెద్దది కాదు. పాత టాబ్యులేషన్ రిజిస్టర్లు, పెన్షన్ లెక్కలు, భూముల కేసులు, రోస్టర్ రిజిస్టర్, ఖరీదైన ఒకటి రెండు ల్యాబ్ పరికరాలు. ఒక్కోదానికి ఇద్దరిని జతచేసి, వాళ్లలో ఒకరికైనా సంతకం చేసే అధికారం ఉండేలా చూసి, వెళ్లే మనిషి ఆఖరి ఏడాది పనిగంటల్లో కొన్ని నేర్పడానికే కేటాయిస్తే సరిపోతుంది. మొదలుపెట్టాల్సింది పరీక్షల విభాగంతో. అక్కడ ఖాళీ అయిన కుర్చీ ప్రభావం మర్నాడే కౌంటర్ ముందు క్యూలో కనిపిస్తుంది.